ఒరిగిన గోడ: మజల్లా ఎనిమిదవ గ్రంథంపై ఒక విమర్శ

క్రీ.శ. 1869 మొదలు 1876 వరకు ఉస్మానియా తుర్కీ ప్రభుత్వం భాగాలు భాగాలుగా వెలువరించిన ‘మజల్లతుల్ అహ్కామిల్ అద్లియ్యా’ ఇస్లామీ న్యాయశాస్త్ర చరిత్రలో ఒక పెద్ద మలుపు. అంతకు ముందు శతాబ్దాల తరబడి ఫిఖ్హ్ అంటే గురువు ఎదుట కూర్చుని చదివే మూలగ్రంథం, దానిపై వ్యాఖ్యానం, ఆ వ్యాఖ్యానంపై టిప్పణి. తీర్పు చెప్పవలసిన ఖాజీ ఆ గ్రంథాలన్నీ తిరగవేసి, పండితుల భిన్నాభిప్రాయాలలో ఏది బలమైనదో తేల్చుకోవలసి ఉండేది. అహ్మద్ జౌదత్ పాషా నాయకత్వాన పనిచేసిన పండిత సంఘం హనఫీ ఫిఖ్హ్‌లోని వ్యవహార భాగాన్ని 16 గ్రంథాలుగా, 1851 నిబంధనలుగా అంకెలు వేసి పేర్చింది. దానితో ఫిఖ్హ్‌లో లోతైన పాండిత్యం లేని న్యాయాధికారి సైతం నిబంధన సంఖ్య చూసి తీర్పు వ్రాయగల వీలు ఏర్పడింది. మజల్లా తుర్కీలో 1926లో రద్దయినా, ఇరాక్‌లో 1953 వరకు, జోర్డాన్‌లో 1976 నాటి పౌరస్మృతి అమలుకు వచ్చేవరకు న్యాయస్థానాలలో చెల్లుబాటు అయింది.

ఇంతటి కృషిని మెచ్చుకున్నవారు అనేకులు. అయితే దాని ఎనిమిదవ గ్రంథాన్ని, అనగా 881 నుండి 940 వరకు గల 60 నిబంధనలను, నిదానించి చదివినవారు తక్కువ. ‘గస్బ్’, ‘ఇత్లాఫ్’ అన్నవి ఈ గ్రంథంలోని రెండు విషయాలు. పరుల సొత్తును అన్యాయంగా స్వాధీనం చేసుకోవడం గస్బ్. దానిని పాడుచేయడం ఇత్లాఫ్. ఒకరి మూలంగా మరొకరికి నష్టం కలిగితే దానిని ఎవరు భరించాలి, నష్టపోయినవాడు ఏమి నిరూపిస్తే అతని దావా నెగ్గుతుంది అనే ప్రశ్నలకు సమాధానాలు ఇక్కడే ఉన్నాయి. ఈ సమాధానాలకు పునాదిగా మజల్లా ఆరంభంలో పెట్టిన సూత్రాలలో ఒక్క మాట దగ్గర చిక్కు ఉంది. అది కేవలం భాషకు సంబంధించిన చిక్కు కాదు. ఆ మాటను ఒక విధంగా చదివితే నష్టపోయినవాని దావా నిలుస్తుంది. మరొక విధంగా చదివితే కూలిపోతుంది.

రెండు సూత్రాలు

మజల్లాలో 2 నుండి 100 వరకు గల 99 నిబంధనలు సాధారణ సూత్రాలు. అన్నీ చిన్న వాక్యాలే. విద్యార్థి కంఠస్థం చేయడానికి అనువైనవి. వీటిలో 92వ సూత్రం ప్రకారం, హానిని స్వయంగా చేసినవాడు, కావాలని చేయకపోయినా బాధ్యుడే. 93వ సూత్రం ప్రకారం, హానికి కారకుడు మాత్రమే అయినవాడు, కావాలని చేస్తే తప్ప బాధ్యుడు కాడు. మొదటివానికి ఫిఖ్హ్ పరిభాషలో ‘ముబాషిర్’ అని, రెండవవానికి ‘ముతసబ్బిబ్’ అని పేరు.

ఈ ఇద్దరికీ గల తేడా 887, 888 నిబంధనలలో తేటపడుతుంది. పైన వ్రేలాడుతున్న దీపం త్రాటిని ఒకడు కోశాడు. త్రాడు తెగింది, దీపం క్రిందపడి పగిలింది. త్రాటిని పాడుచేయడంలో అతడు ముబాషిర్, ఎందుకంటే కత్తి తగిలింది త్రాటికే. దీపం విషయంలో అతడు ముతసబ్బిబ్, ఎందుకంటే దీపానికి అతని చేయి తగలలేదు, అతడు చేసిన పని మాత్రం దానిని పగలగొట్టింది. కుండకు చిల్లు పొడిస్తే నూనె కారిపోవడం కూడా ఇటువంటిదే.

ముబాషిర్ విషయంలో ఫిఖ్హ్ నిర్ణయం కఠినంగా కనిపించినా న్యాయమైనదే. 913వ నిబంధన ప్రకారం కాలు జారి పడినవాడు ఇతరుల వస్తువును పగలగొడితే దాని విలువ చెల్లించాలి. 914 ప్రకారం తనదే అనుకొని ఇతరుల సొత్తును పాడుచేసినవాడు కూడా చెల్లించాలి. 916 ప్రకారం చిన్నపిల్లవాడు పాడుచేస్తే, వాని సొంత ఆస్తి నుండి చెల్లింపు జరగాలి. ఆస్తి లేకపోతే అది సమకూడేవరకు ఆగాలి. సంరక్షకునిపై ఆ భారం పడదు. వీటన్నింటిలో ఎవరినీ పాపి అనడం లేదు. పిల్లవానికి పాపమే లేదు. ‘జమాన్’, అనగా నష్టభర్తీ బాధ్యత, శిక్ష కాదు. పోయిన సొత్తుకు బదులు సొత్తు రావాలి, అంతే. దైవప్రవక్త (సల్లం) ఇంట పవిత్ర సతీమణులలో ఒకరి పాత్ర మరొకరి చేతిలో పగిలినప్పుడు ఆయన పగిలిన దానిని ఉంచుకొని మంచి పాత్రను బదులు పంపించారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. అక్కడ దండన ప్రసక్తి లేదు. బదులు ఇవ్వడం మాత్రం ఉంది.

చిక్కంతా 93వ సూత్రంలోనే. అందులోని మాట ‘తఅమ్ముద్’. కావాలని, ఉద్దేశపూర్వకంగా చేయడం అని దాని అర్థం. ఈ మాటను ఉన్నదున్నట్టు తీసుకుంటే, హానికి కారకుడైనవాడు హాని చేయాలనే తలంపుతోనే ఆ పని చేశాడని నష్టపోయినవాడు నిరూపించవలసి వస్తుంది. ఎదుటివాని మనసులోని తలంపును సాక్షులతో నిరూపించడం ఎవరికి సాధ్యం? దారిలో గొయ్యి త్రవ్వి కప్పకుండా వదిలిన ఆసామి ‘ఎవరి గొడ్డూ పడాలని నేను కోరలేదు’ అంటే చాలు, దావా అక్కడితో ముగిసిపోతుంది.

సూత్రం ఒకటి, ఉదాహరణలు వేరొకటి

మజల్లాలోని ఎనిమిదవ గ్రంథం ఈ విధంగా తీర్పు చెప్పదు. రహదారిపై నడిచే హక్కు అందరికీ ఉంది, అయితే తప్పించగల హానిని ఇతరులకు కలిగించకూడదనే షరతుతో అని 926వ నిబంధన చెబుతుంది. బరువు మోసే కూలి మూట జారి ఇతరుల వస్తువుపై పడితే అతడు బాధ్యుడు. కమ్మరి ఇనుము కొట్టేటప్పుడు నిప్పురవ్వ ఎగిరి దారిన పోయేవాని బట్ట కాలితే కమ్మరి బాధ్యుడు. మూటను పడవేయాలని కూలి కోరలేదు. బట్ట కాల్చాలని కమ్మరి తలచలేదు. అయినా ఇద్దరూ చెల్లించాలి.

928వ నిబంధన గోడను గురించినది. గోడ కూలి ఎవరికైనా నష్టం కలిగితే సామాన్యంగా యజమానిపై బాధ్యత లేదు. కాని గోడ అప్పటికే ఒరిగి ఉండి, హక్కు గలవారు ‘నీ గోడ పడగొట్టుకో’ అని ముందుగా చెప్పి, పడగొట్టడానికి చాలినంత కాలం గడిచినా అతడు కదలకపోతే, నష్టం అతనిదే. 929వ నిబంధన పశువులను గురించినది. తన పశువు పరుల సొత్తును పాడుచేస్తుండగా చూస్తూ ఊరకున్నవాడు బాధ్యుడు. పొడిచే ఎద్దును, కరిచే కుక్కను కట్టివేయమని ఊరివారు హెచ్చరించినా వదిలిపెట్టినవాడు బాధ్యుడు. గోడ యజమాని అసలు ఏ పనీ చేయలేదు. చేయవలసిన పని చేయలేదు, అంతే. ఇక కావాలని చేయడమనే మాటకు చోటెక్కడిది?

924వ నిబంధన ఈ గ్రంథానికి వెన్నెముక వంటిది. కారకునిపై బాధ్యత పడాలంటే హానికి దారితీసిన పని ‘తఅద్దీ’ అయి ఉండాలని, అనగా హక్కు లేకుండా చేసినదై ఉండాలని అది స్పష్టం చేస్తుంది. అధికారుల అనుమతి లేకుండా రహదారిలో బావి త్రవ్వితే, అందులో పడిన పశువుకు త్రవ్వినవాడు బాధ్యుడు. తన సొంత స్థలంలో త్రవ్వుకుంటే బాధ్యుడు కాడు. బావి త్రవ్వినవాని తలంపు ఏమిటని ఇక్కడ ఎవరూ అడగరు. త్రవ్వే హక్కు ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న.

‘తఅద్దీ’ ధాత్వర్థం గీత దాటడం, హద్దు మీరడం. తెలుగులో ‘హద్దు మీరడం’ అనే పలుకుబడి దానికి సరిగ్గా అతుకుతుంది. హద్దు బయట ఉంటుంది, అందరికీ కనిపిస్తుంది. తలంపు లోపల ఉంటుంది, దైవానికి మాత్రమే తెలుస్తుంది. న్యాయస్థానం కొలవగలిగినది హద్దునే. 93వ సూత్రం తలంపును కొలబద్దగా పెట్టగా, 924వ నిబంధన హద్దును పెట్టింది. ఒకే స్మృతిలో ఒకే విషయానికి రెండు కొలబద్దలు ఉండడం చిన్న లోపం కాదు.

‘తఅమ్ముద్’ అనే మాటకు సరిగ్గా సరిపోయే చోటు మజల్లాలో లేకపోలేదు. వేటగాని తుపాకి మ్రోతకు ఒకరి పశువు బెదరి పరుగెత్తి పడి చనిపోతే అతడు బాధ్యుడు కాడని, బెదరించాలనే తుపాకి పేల్చితే బాధ్యుడని 923వ నిబంధన చెబుతుంది. తుపాకి పేల్చడం అతని హక్కు. హక్కు గల పనిని హాని కోరి చేసినప్పుడే అది తప్పవుతుంది. అంటే తలంపును చూడవలసింది హద్దు లోపల జరిగిన పనిలో మాత్రమే. ఈ ఒక్క సందర్భానికి తగిన మాటను 93వ సూత్రం అన్ని సందర్భాలకూ చాచింది.

ఇలా ఎందుకు జరిగి ఉంటుంది? 92, 93 సూత్రాలు జంట వాక్యాలు. మొదటిదానిలో ‘కావాలని చేయకపోయినా’ అని ఉన్నందున రెండవదానిలో ‘కావాలని చేస్తే తప్ప’ అనడం చెవికి ఇంపుగా ఉంటుంది, జ్ఞాపకానికి సులభంగా ఉంటుంది. వాక్యం తూగు కోసం అర్థం ఒరిగిపోయిందనిపిస్తుంది. వ్యాఖ్యాతలు ఈ ఒరిగిన గోడకు రెండు విధాల ఊతం పెట్టజూశారు. తఅమ్ముద్, తఅద్దీ రెండూ ఉండాలన్నది మొదటి మార్గం. దానిని ఒప్పుకుంటే 926లోని కమ్మరి, 928లోని గోడ యజమాని తప్పించుకుపోతారు. తఅమ్ముద్ అంటే హానిని కోరడం కాదు, హానికి దారితీసిన పనిని తెలిసి చేయడం అన్నది రెండవ మార్గం. ఇది కొంత మేలు. కాని తన సొంత స్థలంలో బావి త్రవ్వినవాడు కూడా తెలిసే త్రవ్వాడు. అతనిని విడిచిపెట్టడానికి మళ్లీ ‘హద్దు’నే ఆశ్రయించాలి. ఎటు తిరిగినా చివరికి 924 దగ్గరకే రావలసి ఉంది.

హిదాయాలోని గోడ

మజల్లా వెనుక నిలిచిన హనఫీ సంప్రదాయంలో ఈ గందరగోళం లేదు. అల్లామా బుర్హానుద్దీన్ మర్గీనానీ (మరణం హి. 593, క్రీ.శ. 1197) రచించిన ‘హిదాయా’లో ఒరిగిన గోడకు ప్రత్యేకంగా ఒక ప్రకరణమే ఉంది. మన దేశపు మదరసాలలో తరతరాలుగా బోధిస్తున్న గ్రంథం కాబట్టి ఈ చర్చ విద్యార్థులకు పరిచితమే. మజల్లాలో నిర్ణయం మాత్రం ఉండగా, హిదాయాలో నిర్ణయానికి దారితీసిన వాదం కూడా ఉంది.

ఖియాస్ ప్రకారం, అనగా సామాన్య తర్కం ప్రకారం, గోడ యజమానిపై బాధ్యత ఉండకూడదని మర్గీనానీ ముందుగా ఒప్పుకుంటాడు. అతడు గోడను తన స్థలంలో కట్టాడు. అది ఒరగడంలో అతని ప్రమేయం లేదు. కూలడం అతని చేతి పని కాదు. అయినా ఇస్తిహ్సాన్ ప్రకారం, అనగా తర్కం కన్న బలమైన న్యాయదృష్టి ప్రకారం, అతడు బాధ్యుడు. గోడ దారివైపు ఒరిగిన క్షణం నుండి అది జనానికి చెందిన ఆకాశాన్ని ఆక్రమిస్తున్నది. దానిని తొలగించడం యజమాని చేతిలో ఉంది. తొలగించమని అడిగిన తరువాత తొలగించడం అతని విధి అవుతుంది. విధి నెరవేర్చనివాడు హద్దు మీరినవాడు. గాలికి ఎగిరివచ్చి ఒకరి ఇంట పడిన బట్టను ఇందుకు ఉపమానంగా చెబుతాడు. బట్ట వచ్చి పడినందుకు ఇంటివాని తప్పు లేదు. సొంతదారు అడిగినా ఇవ్వకపోతే మాత్రం ఆనాటి నుండి దాని భారం అతనిదే.

ఏమీ చేయకపోవడం ఎప్పుడు తప్పవుతుందన్న కఠినమైన ప్రశ్నకు ఎనిమిది శతాబ్దాల క్రితం ఇచ్చిన సమాధానం ఇది. ఇందులో మూడు మెట్లున్నాయి: ఇతరుల హక్కుకు ముప్పు ఉండాలి, దానిని తొలగించే శక్తి ఉండాలి, ఆ సంగతి అతనికి తెలియజేసి ఉండాలి. సాక్షులను పెట్టుకోవడం షరతు కాదని, యజమాని తరువాత కాదంటే నిరూపించడానికి మాత్రమేనని కూడా హిదాయా వివరిస్తుంది. అసలు మొదటినుండే గోడను ఒరిగేలా కట్టినవానికైతే ముందుగా చెప్పవలసిన పనే లేదు. కట్టడంలోనే అతడు హద్దు మీరాడు.

ఈ ప్రకరణంలో విమర్శించవలసిన భాగం లేకపోలేదు. హెచ్చరిక అందిన తరువాత యజమాని ఆ ఇల్లు అమ్మి, కొన్నవాడు స్వాధీనం చేసుకుంటే, అమ్మినవాడు బాధ్యత నుండి బయటపడతాడు; కొన్నవానికి మళ్లీ హెచ్చరిక అందనంతవరకు అతడూ బాధ్యుడు కాడు. తొలగించే శక్తి ఎవరి చేతిలో ఉన్నదో వారిదే విధి అనే తర్కానికి ఇది సరిపోతుంది. కాని ఇల్లు చేతులు మారిన మరునాడే గోడ కూలితే దారిన పోయేవాడు ఎవరిపై దావా వేయాలి? దాచి అమ్మినవానికి ఈ నిర్ణయం దారి చూపుతున్నదనే ఆక్షేపణకు సమాధానం దొరకదు.

మజల్లా విడిచిపెట్టిన మరొక ముఖ్యాంశం ప్రాణనష్టం. హిదాయాలో గోడ క్రింద పడి మనిషి చనిపోయినా, సొత్తు నశించినా ఒకే ప్రకరణంలో తీర్పు ఉంది. మనిషి ప్రాణానికి ‘దియత్’ చెల్లించే భారం ‘ఆఖిలా’పై, అనగా యజమానికి అండగా నిలిచే బంధువర్గంపై పడుతుంది, సొత్తు నష్టం అతని సొంత ఆస్తి నుండి తీర్చాలి. మజల్లా ఎనిమిదవ గ్రంథం సొత్తు దగ్గరే ఆగిపోయింది. గోడ క్రింద పగిలిన కుండ విలువ మజల్లాలో దొరుకుతుంది, అదే గోడ క్రింద విరిగిన చేతి విలువ దొరకదు. ఒకే సంఘటనను రెండుగా చీల్చిన ఈ విభజన వల్ల దెబ్బతిన్నది మనిషే.

రేయి, పగలు

హద్దు అంటే ఏమిటో, అది ఎవరు గీయాలో తెలుసుకోవడానికి హదీసు సాహిత్యంలో చక్కని ఉదాహరణ ఉంది. హజ్రత్ బరా బిన్ ఆజిబ్ (రజి) గారి ఒంటె ఒక తోటలో పడి పాడుచేయగా, పగటి వేళ తోటలను కాపాడుకోవడం తోట యజమానుల విధి అని, రాత్రి వేళ పశువులను కాపాడుకోవడం పశువుల యజమానుల విధి అని, రాత్రి జరిగిన నష్టానికి పశువుల యజమానులే బాధ్యులని దైవప్రవక్త (సల్లం) తీర్పు చెప్పినట్టు అబూదావూద్ తదితరులు ఉల్లేఖించారు. ఇక్కడ తలంపు మాట రానే లేదు. జనజీవనం ఏ విధంగా సాగుతున్నదో చూసి, ఎవరికి ఎప్పుడు కాపలా సులభమో గమనించి, విధిని ఇద్దరికీ పంచారు. ఎవరి వంతు వారు నెరవేర్చకపోతే నష్టం వారిదే.

ఇమాం మాలిక్, ఇమాం షాఫిఈ ఈ తీర్పును అనుసరించారు. మూగజీవి చేసిన హానికి బదులు లేదనే మరొక హదీసు ఆధారంగా, తనంతట తాను తప్పించుకుపోయిన పశువు విషయంలో హనఫీ పండితులు రేయి, పగలు తేడా చూపలేదు. మజల్లా 94, 929 నిబంధనలు హనఫీ మార్గంలోనే నడిచాయి. పలు జాతులు, పలు వృత్తులు గల సామ్రాజ్యానికి స్మృతి వ్రాస్తున్నవారు, రైతుకూ పశుపాలకునికీ నిత్యం జరిగే తగవులో మిగిలిన ఇమాముల అభిప్రాయాన్ని కూడా పరిశీలించి ఉంటే ఎనిమిదవ గ్రంథం మరింత బలపడి ఉండేది.

ఇదే కాలంలో, 1871లో, హిందూదేశంలో బ్రిటిషు ప్రభుత్వం పశువుల అతిక్రమణ చట్టం చేసింది. తెలుగు పల్లెలలో పెద్దలకు పరిచితమైన బందెలదొడ్డి ఆ చట్టం క్రింద నడిచినదే. పైరు మేసిన పశువును దొడ్డికి తోలితే, దాని యజమాని జుల్మానా కట్టి విడిపించుకోవాలి. ఆ జుల్మానా సర్కారు ఖాతాకు పోతుంది. రైతు తన పైరు నష్టానికి వేరే దావా వేసుకోవాలి. జుల్మానాకు, జమానుకు గల భేదం ఇక్కడ కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. మొదటిది సర్కారుకు, రెండవది నష్టపోయినవానికి.

అనువాదాల మాట

ఈ భేదాన్ని ఆంగ్ల అనువాదకులు అన్నిచోట్లా కాపాడలేకపోయారు. వారన్ హేస్టింగ్స్ కాలంలో ఆరంభమై 1791లో వెలువడిన చార్లెస్ హామిల్టన్ హిదాయా అనువాదం నేరుగా అరబీ నుండి కాక పారసీ రూపం ఆధారంగా జరిగినది. అందులో దియత్ ప్రకరణానికి జుల్మానా అనే అర్థమిచ్చే ఆంగ్లపదం పెట్టారు. దియత్ మృతుని వారసులకు చేరే సొమ్ము, సర్కారుకు చేరేది కాదు. ఒక్క పదంతో హక్కుదారు ఎవరన్నదే మారిపోయింది. మజల్లాకు 1901లో సైప్రస్‌లో టైజర్ ప్రభృతులు, 1933లో పాలస్తీనాలో హూపర్ ఆంగ్లానువాదాలు వెలువరించారు. హూపర్ అనువాదంలో 93వ సూత్రం ఉద్దేశమనే అర్థంతోనే ఉంది. మూలానికి అది విధేయమైనదే, తప్పు పట్టడానికి వీల్లేదు. కాని 924 చూడనిదే 93 చదవకూడదని పాఠకునికి తెలిసే వీలు అక్కడ లేదు. అరబీ రాని న్యాయవాది సూత్రాన్ని ఒంటరిగా ఎత్తి చూపడానికి అది అవకాశమిచ్చింది.

తెలుగు అనువాదకునికి ఈ విషయంలో కొన్ని సౌకర్యాలు, కొన్ని ప్రమాదాలు ఉన్నాయి. ‘దావా’, ‘వకీలు’, ‘అమానతు’, ‘వసూలు’ వంటి మాటలు తెలుగులో ఏనాడో స్థిరపడ్డాయి. ‘జమాన్’ ధాతువు నుండి వచ్చిన ‘జామీను’ కూడా ఇంటింటి మాటే. కాని జామీను అనగానే తెలుగువారికి నిందితునికి పూచీపడి విడిపించడమే స్ఫురిస్తుంది. పగిలిన కుండకు బదులు ఇవ్వడం స్ఫురించదు. అరబీ మాట వైశాల్యంలో తెలుగు మాటకు ఒక మూల మాత్రమే మిగిలింది. కనుక జమానుకు ‘నష్టభర్తీ బాధ్యత’ అనడమే క్షేమం. ‘నేరం’, ‘అపరాధం’ అనే మాటలు అసలే పనికిరావు. కాలు జారి పడినవాడు, పసిపిల్లవాడు అపరాధులు కారు. తఅద్దీకి ‘అక్రమం’ అన్నా చెడ్డ ఉద్దేశం ధ్వనిస్తుంది. ‘హద్దు మీరడం’ అన్నదే అన్నిటికన్న నిక్కమైన మాట.

తరువాత వచ్చిన స్మృతులు

మజల్లాను తొలగించి వచ్చిన స్మృతులు ఈ చిక్కును గుర్తించాయి. అబ్దుర్రజ్జాక్ సన్‌హూరీ కూర్చిన 1948 నాటి ఈజిప్టు పౌరస్మృతి 163వ నిబంధనలో ఫ్రెంచి మార్గాన్ని అనుసరించి, తప్పు వల్ల హాని కలిగితే తప్పు చేసినవాడు పరిహారం చెల్లించాలన్నది. 1951 నాటి ఇరాక్ స్మృతి 186వ నిబంధనలో తఅమ్ముద్ లేదా తఅద్దీ అని రెండు మాటలనూ ప్రక్కప్రక్కన పెట్టింది. అయితే స్వయంగా చేసినవానికి కూడా అదే షరతు విధించి, ఫిఖ్హ్‌లోని పాత భేదాన్ని చెరిపివేసింది. 1976 నాటి జోర్డాన్ స్మృతి 256, 257 నిబంధనలు మూలానికి అన్నిటికన్న దగ్గరగా వచ్చాయి. హాని చేసిన ప్రతివాడూ, తెలివిడి లేనివాడైనా, బాధ్యుడు. స్వయంగా చేస్తే ఏ షరతూ లేదు. కారకుడైతే హద్దు మీరి ఉండాలి, లేదా కావాలని చేసి ఉండాలి, లేదా ఆ పని హానికి దారితీసేదై ఉండాలి. ‘లేదా’ అనే ఈ చిన్న మాటతో ఒక శతాబ్దం నాటి గోడ నిటారుగా నిలబడింది.

ఈ చర్చ పాత గోడలకు, పొడిచే ఎద్దులకు పరిమితమా అనే సందేహం పాఠకునికి కలగవచ్చు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది ప్రాణాలు కోల్పోయారు. మరునాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ సంస్థను ప్రాథమికంగా 50 కోట్ల రూపాయలు జమచేయమని ఆదేశించింది. ప్రమాదకర పరిశ్రమ నడిపేవారు హానికి ఎట్టి మినహాయింపులూ లేకుండా బాధ్యులని మన సుప్రీంకోర్టు 1986 డిసెంబరులో ఢిల్లీ ఓలియం వాయువు వ్యాజ్యంలో తీర్పు చెప్పి ఉంది. 1984 నాటి భోపాల్ ఘోరం దేశాన్ని కలచివేసిన తరువాత వచ్చిన తీర్పు అది.

ఇటువంటి సంఘటనను మజల్లా 93వ సూత్రంతో కొలిస్తే ఏమౌతుంది? ఊరివారిని చంపాలని ఎవరూ కోరలేదు కాబట్టి దావా లేదు. 928వ నిబంధన అక్షరాలను పట్టుకున్నా చిక్కే. నిద్రలో ఉన్న ఊరివారు ముందుగా ఎవరిని హెచ్చరించగలరు? కాని హిదాయాలోని కారణాన్ని పట్టుకుంటే సమాధానం తేలికగా దొరుకుతుంది. గోడ ఒరగడం వీధిలోనివారికి కనిపిస్తుంది, ఇంటిలోని యజమానికి కనిపించకపోవచ్చు. అందుకే చెప్పవలసి వచ్చింది. ట్యాంకులో ఏమున్నదో, అది ఎంత వేడెక్కిందో తెలుసుకోగలవారు లోపలివారే, వీధిలోనివారు కాదు. తెలిసి ఉండవలసినవానికి తెలియజేసే పని లేదు. ఒరిగేలా కట్టినవానికి హెచ్చరిక అక్కరలేదన్న మర్గీనానీ మాట కూడా ఈ దిక్కుకే చూపుతున్నది. దీనికి తోడు దారిలో నడిచే ప్రతివాడూ ఇతరుల క్షేమమనే షరతుతో నడవాలన్న 926వ నిబంధన ఉండనే ఉంది. తలపై మూట మోసే కూలికి ఉన్న షరతు ట్యాంకుల నిండా రసాయనం నిలవచేసేవానికి లేదనడం ఏ ఫిఖ్హ్‌కూ సమ్మతం కాదు.

మజల్లా గొప్పతనాన్ని ఇందువల్ల తగ్గించనక్కరలేదు. చెల్లాచెదరుగా ఉన్న శాస్త్రాన్ని సామాన్య న్యాయాధికారికి అందుబాటులోకి తెచ్చిన ఘనత దానిదే. అయితే సూత్రం శాస్త్రానికి గుర్తు మాత్రమే, శాస్త్రం కాదు. కారణాలను విడిచి సూత్రాలను మాత్రమే పట్టుకుంటే, ఒక మాట అటూఇటూ కావడంతోనే హక్కుదారుని దావా కూలిపోగలదని ఎనిమిదవ గ్రంథం నేర్పుతున్నది. మజల్లాను ఏనాటికైనా తెలుగులోకి తెచ్చేవారు 93వ సూత్రం క్రింద 924వ నిబంధనను తప్పక చేర్చి ముద్రించాలి. బోధించేవారు దాని ప్రక్కన హిదాయాలోని ఒరిగిన గోడ ప్రకరణాన్ని ఉంచి చదివించాలి. నష్టపోయినవాడు ఎదుటివాని మనసును తవ్వి చూపనక్కరలేదు. మీరిన హద్దును చూపితే చాలు. ఫిఖ్హ్ అతనికిచ్చిన హక్కు ఇదే.